మెంతి మొలకలు వంగిన దిక్కు

మంగళవారం పొద్దున పదింటికి లక్ష్మన్న లాకప్‌లో ఉన్నాడు. మధ్యాహ్నం రెండింటికి అతన్ని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆ తర్వాత అతన్ని బయటికి తేవడం నా తరం కాదు. నా చేతిలో ఉన్నవి నాలుగే గంటలు.

పోలీసుల లెక్కలో ఇది కేసే కాదు. కోదండరామి యశ్వంతనగర్ గనుల్లో సర్వేయరుగా పనిచేసి రిటైరై, గాంధీనగర్‌లో అక్క పద్మావతమ్మ ఇంటి మేడ మీద గదిలో ఉంటున్నాడు. సోమవారం పొద్దున ఆ గదిలోనే తల పగిలి చచ్చి పడి ఉన్నాడు. పక్కన పిడికెడంత ఇనుప ఖనిజం రాయి, దాని మీద అలుక్కుపోకుండా మిగిలిన వేలిముద్రలు వడ్రంగి లక్ష్మన్నవే. ఆదివారం సాయంత్రం ఆ గదిలోకి ఆఖరున పోయిందీ అతనే. ఇన్‌స్పెక్టర్ సిద్దప్ప ఎనిమిదింటికి లక్ష్మన్నను పట్టుకుని, తొమ్మిదింటికి గదికి తాళం వేసి లక్క ముద్ర కొట్టి, తృప్తిగా టిఫినుకు వెళ్ళిపోయాడు.

నా పేరు పంకజాక్షి. పద్దెనిమిదేళ్ళు ఇన్సూరెన్సు కంపెనీ తరఫున బళ్ళారి పత్తి గోదాముల్లో తిరిగాను. కాలిన బేళ్ళను చూసి, నిప్పు ఎప్పుడు అంటుకుందో, ఎవరు అంటించారో చెప్పడం నా ఉద్యోగం. ఇప్పుడు సొంతంగా అదే పని చేస్తున్నాను. ఆడమనిషి డిటెక్టివేమిటని నవ్వేవాళ్ళు నవ్వుతూనే ఉన్నారు. నవ్వేటప్పుడు మనిషి జాగ్రత్త మరిచిపోతాడు కాబట్టి నాకు అభ్యంతరం లేదు.

కమ్మీల అవతల లక్ష్మన్న గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"రాయి మీద నీ వేళ్ళ గుర్తులు ఉండాయంట గదా లక్ష్మన్నా?"

"ఉండకేం చేస్తాయమ్మా? ఆ రాళ్ళన్నీ యశ్వంతనగర్ నుంచి గోతంలో మోసుకొచ్చి బల్ల మీద పేర్చింది నేనే గదా."

"ఆదివారం ఎన్నింటికి పోయినావు?"

"అయిదున్నరకు. సార్ కబురు పెట్టినాడు. గుట్టను కోయమన్నాడు."

"గుట్టను కోసేదేంది?"

"బల్ల మీద బొమ్మ గుట్ట ఉండాది గదమ్మా, దాన్ని బల్లకు గట్టిగా అంటిచ్చింటిమి. ఆ పొద్దు సార్ రంపం చేతికిచ్చి, చుట్టూ కోసి మూత మాదిరి లేసేటట్ల చేయమన్నాడు. చేసినా. లోపల డొల్లే. దాంట్లో ఒక పుస్తకం పెట్టి మూసినాడు. 'రేపు గనుల ఆఫీసుకు తీసుకపోతా, అంతవరకు ఎవురికీ చెప్పాకు' అన్నాడు. ఆరింటికి నేను బస్సుకు పోయినా. అంతేనమ్మా నాకు తెలిసింది."

సిద్దప్ప నా వెనకనే నిలబడి వింటున్నాడు. కన్నడంలో పుట్టి తెలుగులో తిట్టడం నేర్చుకున్న మనిషి. "నోడి మేడం, చూడండి, పుస్తకం, గుట్ట, రంపం. నిన్న ఇవేవీ చెప్పలేదు వీడు. రాత్రంతా కూర్చుని కథ కట్టినాడు" అన్నాడు.

"ఎవురికీ చెప్పాకని సార్ అన్న్యాడు గదా, అందుకే చెప్పలా" అన్నాడు లక్ష్మన్న. చనిపోయిన మనిషికి ఇచ్చిన మాట కోసం ఒక రోజంతా దెబ్బలు తిన్నాడని అప్పుడు నాకు అర్థమైంది. సిద్దప్పకు ఆవలింత వచ్చింది.

పది ఇరవైకి గాంధీనగర్ చేరాను. పద్మావతమ్మ ఇంటి అరుగు మీద లక్ష్మన్న భార్య సిద్ధమ్మ కూర్చుని ఉంది. మొగుణ్ణి విడిపించమని నిన్న నన్ను అడిగింది ఆమే. ఇద్దరు పిల్లల్ని యశ్వంతనగర్ గుడిసెలో తల్లికి అప్పజెప్పి, నిన్న పొద్దుటి నుంచి ఇక్కడే ఉంది. ఈ పొద్దున ఇల్లుగలావిడే పిలిచి అన్నం పెట్టిందట. తమ్ముణ్ణి చంపాడని పోలీసులు చెబుతున్నవాడి భార్యకు ఎవరైనా అన్నం పెడతారా? ఆ సంగతి మనసులో ఒక పక్కన పెట్టుకున్నాను.

దసరా రోజులు. హాల్లో తొమ్మిది మెట్ల బొమ్మల కొలువు. ఇంట్లో చావు జరిగిందని తెల్లగుడ్డ కప్పారు కానీ, కింద నేల మీద పరిచిన తోట మాత్రం గుడ్డ బయటే ఉంది. ఇసుక దారులు, అద్దం ముక్క చెరువు, మట్టి తట్టల్లో మెంతి మొలకలు. పద్మావతమ్మ పీట మీద కూర్చుని మాట్లాడుతోంది. మధ్యమధ్యలో చెంబులో మూడు వేళ్ళు ముంచి, ఆ మొలకల మీద విదిలిస్తోంది. ఆ పని తన చేయి చేస్తోందని ఆమెకే తెలియదు.

"ఆదివారం ఆట సంగతి చెప్పక్కా."

ఆ ఆట సంగతి నేను ముందు నాలుగు మాటల్లో చెప్పాలి. గనిలో యంత్రాలు బిగించడానికి వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు వెళ్ళిపోతూ, కోదండరామికి ఒక నియమాల పుస్తకం, ఇరవై ముఖాల పాచికలు ఇచ్చిపోయాడు. ఆటలో ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు పాలెగాడు, వైద్యుడు, దొంగ, ఇలా తలా ఒక పాత్ర తీసుకుంటారు. 'వరద వచ్చింది, ఏం చేస్తావు?' అని కథ నడిపేవాడు అడుగుతాడు. పాత్రధారి జవాబు చెప్పి పాచిక వేస్తాడు. పడిన అంకెను బట్టి కథ తిరుగుతుంది. ఊరికే మాటలతో ఆడుకునే ఈ ఆటకు కోదండరామి రంగస్థలం కట్టాడు. ఆరడుగుల బల్ల మీద థర్మాకోలు కోటలు, ప్లాస్టరు గుట్టలు, అగ్గిపెట్టెల ఇళ్ళు. సర్వేయరు కదా, అంగుళానికి పది అడుగుల కొలత తప్పనిచ్చేవాడు కాదు. అక్క కొలువు చూసి నేర్చుకున్న విద్యతో గుట్టల మీద మెంతులు చల్లి పచ్చిక మొలిపించాడు. గడ్డాలు నెరిసిన నలుగురు మగవాళ్ళు ప్రతి ఆదివారం ఆ బొమ్మల చుట్టూ కూర్చోవడం వీధిలో అందరికీ వేళాకోళమే. నాకూ వేళాకోళంగానే ఉండేది.

"ఆ పొద్దు నేను కాఫీ తీసుకపోయినా" అంది పద్మావతమ్మ. "'మూడు దినాలుగా వాన. గుట్టకు బీట పడింది. పాలెగాడా, ఏం చేస్తావు?' అంటాండాడు తమ్ముడు. మా రామచంద్రే పాలెగాడు."

రామచంద్ర ఆమె ఒక్కగానొక్క కొడుకు. యశ్వంతనగర్‌లో గని కాంట్రాక్టరు.

"రామచంద్ర ఏమన్నాడు?"

"'పాచిక వేస్తా' అన్నాడు. 'పాచిక వేసేది కాదురా, కిందుండే గుడిసెలోళ్ళను లేపేది' అన్నాడు వాడు. గుట్ట కింద నలభై రెండు అగ్గిపెట్టెలు పెట్టిండె. ఒక్కొక్క దాని మీద ఒక్కొక్క పేరు రాసిండె. మావాడికి కోపం వచ్చి, పాచిక విసిరేసి లేసినాడు."

"ఎన్నింటికి?"

"అయిదూ పదికి. ఆటకొచ్చే తిమ్మప్ప లెక్చరరూ తన స్కూటర్ మీద పోయినాడు. అందరూ పోయినారు. నేను అయిదూ ముక్కాలుకు పేరంటానికి పోయి ఆరున్నరకు వచ్చినా. మేడ మీద లైటు లేదు. తమ్ముడు యాడికో పోయింటాడులే అనుకున్యా."

"సోమవారం తర్వాత పైకి పోయినావా?"

వేళ్ళు చెంబులో ఆగిపోయాయి. "సీలేసిన గదికి ఎట్ల పోతానమ్మా?" అంది.

పదకొండింటికి సిద్దప్ప వచ్చి లక్క ముద్ర చూపించాడు. చెక్కు చెదరలేదు. తాళం తీసి, "అయిదు నిమిషాలు" అన్నాడు.

గదికి తూర్పున ఒకే కిటికీ. అద్దాలు మూసి, గడియ పెట్టి ఉంది. పడమటి గోడకు పెద్ద చెక్క అలమార. మధ్యలో బల్ల. దాని మీద చూపు పడగానే నా వేళాకోళం అంతా ఎగిరిపోయింది. ఎర్రటి గుట్ట, దాని వాలు మీద పచ్చిక, అంచున ఇనుప రాళ్ళు. గుట్ట కింద చదునులో చేలు, చేల పక్కన అగ్గిపెట్టెల గుడిసెలు. కప్పుల మీద మెత్తటి ఖనిజం పొడి చల్లి ఉంది. మూడో గుడిసె మీద 'లక్ష్మన్న' అని రాసి ఉంది. ఇది కథలో గుట్ట కాదు. యశ్వంతనగర్ గనిలో తవ్విపోసిన మట్టి గుట్ట. మాటల్లో చెబితే తలాడించి మరిచిపోయే సంగతిని ఆయన ఎత్తూ వాలూ కొలిచి, తప్పించుకోడానికి వీల్లేకుండా మేనల్లుడి ముందు పెట్టాడు. ఈ బొమ్మలు ఎందుకు కావాలో నాకు అప్పటికి తెలిసివచ్చింది.

గుట్టను రెండు చేతులా ఎత్తాను. తేలిగ్గా లేచింది. కింద ఖాళీ.

"నోడి! పుస్తకం లేదు. మీ లక్ష్మన్న అబద్ధం చెప్పినాడు" అన్నాడు సిద్దప్ప.

"రంపం కోత అబద్ధం కాదు గదా. ఇంకా వంగి చూడండి."

చెక్క మీద రంపపొట్టు సన్నగా పరుచుకుని ఉంది. మధ్యలో జానెడు పొడవు, బెత్తెడు వెడల్పున, నాలుగు మూలలూ తెలిసేట్టు పొట్టు నలిగి ఉంది. పుస్తకం అక్కడ ఉండింది, తర్వాత తీశారు.

"అయితే వాడే తీసుకున్నాడు, ఆదివారమే. ఆయ్తు, అయిపోయింది, దిగండి."

"ఆగండి సార్. ఈ మట్టి ముట్టుకోండి."

ఇష్టం లేకుండానే ముట్టుకున్నాడు. చల్లగా, తడిగా ఉంది.

"గదికి సీలు వేసి ఇరవయ్యారు గంటలు. ఇంత పల్చటి మట్టి ఇంకా తడిగా ఎట్ల ఉండాది? పై కప్పు కారలేదు. కిటికీ తెరవలేదు. ఈ గుడిసెల కప్పులు చూడండి. ఖనిజం పొడిలో గుంతలు. మూడు మూడు చుక్కలు, వరసగా. చెంబుతో పోసింది కాదు. వేళ్ళతో విదిలించింది."

"నీళ్ళు చల్లినోడు హంతకుడా మేడం?"

"ఎవరన్నది తర్వాత. ఎప్పుడన్నది ముందు చూద్దాం. చేలలో మొలకలు ఎటు వంగినాయి?"

"కిటికీ వైపు."

"గుట్ట మీదవి?"

సిద్దప్ప బల్ల చుట్టూ ఒకసారి తిరిగాడు. గుట్ట మీద మొలకలన్నీ కిటికీకి వీపు పెట్టి, అలమార వైపు వంగి ఉన్నాయి.

"కొలువు పెట్టే ఇంట్లో పుట్టిన ఏ ఆడపిల్లనైనా అడగండి" అన్నాను. "మొలకలు వెలుతురు వైపు వంగుతాయి. అందుకే నిటారుగా నిలబడాలని తట్టను రోజూ తిప్పుతాం. పొద్దున తిప్పితే సాయంత్రానికి మళ్ళీ కిటికీ వైపే తల తిప్పేస్తాయి. గుట్టను ఎవరో ఎత్తి, పెట్టేటప్పుడు అటుది ఇటు పెట్టినారు. అది ఆదివారం జరిగింటే, నిన్న పగలంతా ఎండ చూసి ఇవి ఈ పాటికి కిటికీ వైపు తిరిగుండాల. తిరగలేదు. అంటే నిన్న పొద్దు గుంకినాక, ఈ పొద్దు మనం రాకముందు జరిగింది. అప్పుడు లక్ష్మన్న యాడుండాడు సార్?"

సిద్దప్ప మొహం ఎర్రబడింది. "కోర్టులో మెంతి మొలకలను బోను ఎక్కించమంటారా? నా సీలు కళ్ళ ముందే ఉంది. గదిలోకి ఈగ కూడా రాలేదు. పద్దెనిమిదేళ్ళు పత్తి వాసన చూసి నాకు పోలీసు పని చెప్పాకండి."

"మీ సీలు నిజమే. మీరు వేసింది మెట్ల తలుపుకు."

తలుపూ కిటికీ కాకపోతే ఆ గదిలో మిగిలింది అలమారే. దాని దగ్గరికి పోయి రెండు రెక్కలూ తెరిచాను. లోపల అరలు లేవు. కొలువు మెట్ల చెక్కలు, బొమ్మల పెట్టెలు పెట్టుకునే అటక ఉంది. ఆ మూల నుంచి నిచ్చెన ఒకటి కిందికి దిగుతోంది. కింద పద్మావతమ్మ వంటిల్లు, స్టవ్ మీద పాలగిన్నె కనిపిస్తున్నాయి. సిద్దప్ప చాలాసేపు ఆ పాలగిన్నెనే చూస్తూ నిలబడ్డాడు. ఆ క్షణంలో అతన్ని ఏమీ అనబుద్ధి కాలేదు.

పదకొండూ నలభైకి నిచ్చెన మీదుగానే వంటింట్లోకి దిగాం. పద్మావతమ్మ మమ్మల్ని చూసి స్టవ్ ఆర్పేసింది.

"నీళ్ళెందుకు చల్లితివక్కా?" అన్నాను. అంతకంటే మెత్తటి ప్రశ్న నాకు దొరకలేదు.

ఆమె అబద్ధం చెప్పే ప్రయత్నం కూడా చేయలేదు. "వాడిపోయి తలలు వాల్చేసిండాయి పంకజా. తమ్ముడు చల్లిన మెంతులు. చూసి ఊరికే రాబుద్ధి కాలే" అంది. అని పీట మీద కూలబడింది.

కొంగుతో కళ్ళు తుడుచుకుని తనే చెప్పింది. నిన్న సాయంత్రం రామచంద్ర వచ్చాడట. బొమ్మ గుట్ట కింద మామ లెక్కల పుస్తకం ఒకటి ఉండాది, పోలీసుల చేతికి పోతే నా బతుకు పోతాది, తెచ్చిపెట్టమ్మా అన్నాడట. ఈ పొద్దు తెల్లవారుతూనే ఆమె నిచ్చెన ఎక్కింది. పన్నెండింటికి కొడుకు వచ్చి పట్టుకుపోతాడు.

"పుస్తకం చదివినావా?"

"అద్దాలు పెట్టుకోని చదివినా. గుట్ట బీట ఎంత పెరిగిందో వారం వారం కొలిచి రాసినాడు. కిందుండేటోళ్ళ పేర్లు రాసినాడు. చదివినాకే సిద్ధమ్మకు అన్నం పెట్టినా. ఆ యమ్మ తింటాంటే తలెత్తి చూడలేకపోయినా."

"ఒక మాట చెప్తా విను" అన్నాను. "ఆట జరిగేటప్పుడు గుట్ట బల్లకు అంటుకునే ఉండె. అయిదున్నరకు లక్ష్మన్న కోసినాకే పుస్తకం లోపలికి పోయింది. అప్పటికి మీవాడు వెళ్ళిపోయి ఇరవై నిమిషాలు. పోలీసులకిచ్చిన స్టేట్‌మెంట్‌లో అట్లే రాసిచ్చినాడు. మరి గుట్ట కింద పుస్తకం ఉండాదని నీ కొడుక్కి ఎట్ల తెలిసింది?"

జవాబు నా దగ్గర ఉంది. ఆమె దగ్గరా ఉంది. అది నా నోటితో ఆమెకు వినిపించడానికి మనసు రాలేదు. బయట ఆకాశం మూసుకొచ్చింది. ఆమె లేచి, కొలువు తోటలో ఒక మట్టి తట్ట ఎత్తి, దాని అడుగు నుంచి నల్ల అట్ట పుస్తకం తీసింది.

"మీరు తలుపు వెనక ఉండండప్పా" అంది సిద్దప్పతో. "నా కొడుకును నేనే అడుగుతా."

పన్నెండుకు రెండు నిమిషాల ముందు రామచంద్ర లోపలికి వచ్చాడు. నేను తలుపు సందులో నుంచి చూస్తున్నాను. చొక్కా నలగలేదు, మొహం మాత్రం రెండు రాత్రులు నిద్ర లేనిది.

"తెచ్చినావామ్మా?"

"తెచ్చినా. కూర్చో."

"టైం లేదు. ఈ పక్కకియ్యి."

ఆమె పుస్తకాన్ని గుండెకు ఆనించుకుంది. "గుట్ట కింద ఉండాదని నీకెవురు చెప్పినారప్పా?"

"ఎవురు చెప్పేదేంది, మామే. నా ముందరే గుట్ట ఎత్తి చూపించినాడు."

"ఎప్పుడు?"

"ఆదివారం. ఆట అయిపోయినాక..." అక్కడ అతని నోరు ఆగింది.

"నువ్వు అయిదూ పదికి పోతివి" అంది తల్లి. గొంతు పెంచలేదు. "గుట్టను అయిదున్నరకు కోసినారు. నేను పేరంటంలో ఉండంగా మళ్ళా వచ్చినావు. గేటు చప్పుడు వినేటప్పటికి ఈ నిచ్చెన దిగి పెరట్లో నుంచి పోయినావు. అవునా, కాదా?"

రామచంద్ర నేల మీద కూర్చుండిపోయాడు. "కొట్టాలని కొట్టలేదమ్మా. పుస్తకం ఇయ్యమంటే ఇయ్యలా. రేపు పొద్దున ఆఫీసులో ఇస్తా, గని మూపిస్తా అన్నాడు. చేతికి రాయి దొరికింది" అన్నాడు.

సిద్దప్ప తలుపు వెనక నుంచి వచ్చి అతని భుజం మీద చేయి వేశాడు. నా వైపు చూడకుండా, "పుస్తకం తెలుగులో ఉంది, మీరే చదవండి మేడం" అన్నాడు. మొదటిసారి అతని గొంతులో ఎకసెక్కెం లేదు.

ఆఖరు పేజీ తెరిచాను. సెప్టెంబరు పదిన బీట వెడల్పు మూడు అంగుళాలు. పదిహేడున నాలుగు. అక్టోబరు ఒకటిన ఏడు. మొన్న ఆదివారం పొద్దున పదకొండు. దాని కింద రెండు గీతలు గీసి, 'ఇంకొక పెద్ద వానకు ఆగదు' అని రాసి ఉంది.

పెరట్లో రేకుల మీద టపటపమని చినుకులు మొదలయ్యాయి. ఇందాక పైన అగ్గిపెట్టెల కప్పుల మీద చూసిన గుంతలు నా కళ్ళలో మెదిలాయి.

"గని ఉండే సండూరు పక్క పొద్దున్నుంచే కురుస్తాండాది" అన్నాడు రామచంద్ర, తల ఎత్తకుండా.

గడప దగ్గర సిద్ధమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో తెలియదు. "అమ్మా, నా పిల్లోళ్ళు ఆడనే ఉండారు" అంది.

అందరికంటే ముందు కదిలింది పద్మావతమ్మే. వంటింట్లో నిచ్చెన లాగేసి, పెరటి తలుపుకు గొళ్ళెం పెట్టి, హాలు తలుపుకు అడ్డంగా పీట లాక్కుని కూర్చుంది. "మీ కానిస్టేబుల్‌ను ఈడ పెట్టిపోండి, పెట్టకున్నా సరే. నా కొడుకు యాడికీ పోడు. మీరు జల్దీ జీపు తీయండప్పా" అంది.

సిద్దప్ప పరుగెత్తాడు. సిద్ధమ్మను ముందు ఎక్కించి, నేను పుస్తకం కొంగులో చుట్టుకుని వెనక ఎక్కాను. డ్రైవరు సండూరు రోడ్డు వైపు తిప్పబోయాడు.

"ముందు స్టేషనుకు పోనీయండి" అన్నాను. "ఆ నలభై రెండు గుడిసెల్లో ఏ ఇంట్లో ఎంతమంది ఉంటారో తెలిసిన మనిషి మీ లాకప్‌లో ఉన్నాడు."